ఇంజిన్ భాగాల గాలి ప్రవాహాన్ని కొలిచే ఫ్లో బెంచి: రూపకల్పన, నిర్మాణం

యూనిట్ – 9

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఫ్లో బెంచి ఏ సూత్రం మీద పనిచేస్తుందో వివరించగలుగుతారు.
• ఒక చిన్న ఇంజిన్ సిలిండర్ హెడ్‌కు సరిపోయే బెంచి కొలతలను లెక్కగట్టగలుగుతారు.
• బెంచిలో గాలి ఎక్కడ కారితే కొలత చెడుతుందో, ఎక్కడ కారితే చెడదో గుర్తించగలుగుతారు.
• వచ్చిన రీడింగులను బట్టి పోర్టు, వాల్వ్ సీటులలో ఏది గాలికి అడ్డుపడుతోందో నిర్ణయించగలుగుతారు.

9.1 పరిచయం

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇది దాదాపు 13 లీటర్ల గాలి. ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువగా అందించడం కష్టం కాదు. జెట్ మారిస్తే చాలు. కష్టమంతా గాలితోనే. సెకనులో వందో వంతు వ్యవధిలో ఆ గాలి ఎయిర్ ఫిల్టర్, కార్బ్యురేటర్, ఇన్‌టేక్ పోర్టు, వాల్వ్ దాటి సిలిండర్‌లోకి చేరాలి. దారిలో ఉన్న ప్రతి వంపు, ప్రతి మెట్టు, ప్రతి గరుకు అంచు దానికి అడ్డంకే.

అందుకే మెకానిక్కులు పోర్టును గ్రైండ్ చేసి వెడల్పు చేస్తుంటారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. గ్రైండ్ చేసి తీసేసిన లోహం తిరిగి రాదు. చూపుకు నున్నగా, వెడల్పుగా కనిపించిన పోర్టు గాలిని తక్కువగా పంపవచ్చు కూడా. గోడ పలచబడి శీతలీకరణ మార్గంలోకి గానీ, ఆయిల్ దారిలోకి గానీ రంధ్రం పడితే హెడ్ మొత్తం పనికిరాకుండా పోతుంది. కాబట్టి ఎక్కడ గ్రైండ్ చేయాలి, ఎక్కడ ఆపాలి అనేది కొలిచి తెలుసుకోవాలి. ఆ కొలతను ఇచ్చే పరికరమే ఫ్లో బెంచి.

ఈ పద్ధతిని ఇంజిన్ రూపకల్పనలో నిలబెట్టినవారిలో బ్రిటన్‌కు చెందిన హ్యారీ వెస్లేక్ (1897–1978) ముఖ్యుడు. 1948లో వెలువడిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజిన్ సిలిండర్ హెడ్ రూపకల్పనలో ఆయన పాత్ర ప్రసిద్ధమైనది. నేడు పెద్ద సంస్థలలో కంప్యూటర్‌తో నడిచే బెంచీలు ఉన్నాయి. అయినా వాటి లోపల ఉన్న సూత్రం, ప్లైవుడ్ పెట్టెతో మనం తయారుచేసుకోగల బెంచి సూత్రం ఒక్కటే.

9.2 మూల సూత్రం

9.2.1 పీడన భేదం, వేగం

రెండు చోట్ల పీడనంలో తేడా ఉంటే గాలి ఎక్కువ పీడనం ఉన్నచోటి నుంచి తక్కువ పీడనం ఉన్నచోటికి కదులుతుంది. బెర్నౌలీ సూత్రం ప్రకారం నిశ్చలంగా ఉన్న గాలి ఒక రంధ్రం గుండా పొందే వేగం ఇలా ఉంటుంది:

వేగం = √(2 × పీడన భేదం ÷ గాలి సాంద్రత)

ఫ్లో బెంచిలో పీడన భేదాన్ని నీటి మట్టం తేడాగా కొలుస్తాం. ఒక మిల్లీమీటరు నీటి మట్టం 9.81 పాస్కల్‌లకు సమానం. పరీక్షా పీడనంగా 250 మి.మీ. నీటి మట్టాన్ని తీసుకుందాం. ఇది సుమారు 2450 పాస్కల్‌లు. మన ప్రాంతంలో 35 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.15 కిలోగ్రాములు. ఈ విలువలను ప్రతిక్షేపిస్తే వేగం సెకనుకు దాదాపు 65 మీటర్లు వస్తుంది.

9.2.2 ఉత్సర్గ గుణకం

గాలి అంచు తిరిగి రంధ్రంలోకి వచ్చేటప్పుడు నేరుగా మళ్ళలేదు. అందువల్ల రంధ్రం దాటిన తరువాత కూడా ధార కొంత సన్నబడుతుంది. రంధ్రం మొత్తం వైశాల్యంలో నిజంగా ఉపయోగపడే భాగాన్ని ఉత్సర్గ గుణకం తెలియజేస్తుంది.

ప్రవాహ రేటు = ఉత్సర్గ గుణకం × వైశాల్యం × వేగం

పలుచని, వాడి అంచు గల గుండ్రని రంధ్రానికి ఈ గుణకం సుమారు 0.61. రంధ్రం వైశాల్యాన్ని ఈ గుణకంతో గుణిస్తే వచ్చేది ప్రభావక వైశాల్యం. ఈ యూనిట్ అంతటా మనకు ఎక్కువగా ఉపయోగపడేది ఇదే.

9.2.3 వర్గమూల నియమం నుంచి వచ్చే రెండు ఫలితాలు

మొదటిది: పీడన భేదం రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, 1.41 రెట్లు మాత్రమే అవుతుంది. అమెరికా వర్క్‌షాపులలో 28 అంగుళాల నీటి మట్టం వద్ద పరీక్షించడం ఎక్కువగా వాడుకలో ఉంది. పాత చిన్న బెంచీలు 10 అంగుళాల వద్ద పరీక్షించేవి. ఒకే హెడ్ 10 అంగుళాల వద్ద నిమిషానికి 70 ఘనపుటడుగులు పంపితే, 28 అంగుళాల వద్ద 70 × √(28 ÷ 10) = 117 ఘనపుటడుగులు పంపుతుంది. హెడ్‌లో ఏ మార్పూ లేదు. కాబట్టి పరీక్షా పీడనం చెప్పకుండా చూపే ప్రవాహపు అంకెకు అర్థం లేదని గుర్తుంచుకోండి.

రెండవది: మానోమీటర్ రీడింగు 12 శాతం పెరిగితే ప్రవాహం సుమారు 6 శాతమే పెరిగినట్లు. రీడింగు పెరుగుదలనే ప్రవాహం పెరుగుదలగా చెప్పుకోవడం విద్యార్థులలోనూ, వర్క్‌షాపులలోనూ తరచుగా కనిపించే పొరపాటు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
పరీక్షా పీడనం మార్చకుండా ఉంచినప్పుడు ఆరిఫిస్ మానోమీటర్ రీడింగు 64 మి.మీ. నుంచి 81 మి.మీ.కు పెరిగింది. ప్రవాహం ఎంత శాతం పెరిగింది? (సమాధానం యూనిట్ చివర చూడండి.)

9.3 బెంచి అమరిక

బెంచిలో గాలి వెళ్ళే వరుస ఇది: బయటి గాలి → పరీక్షించే హెడ్ → సిలిండర్ గొట్టం → మొదటి గాలి పెట్టె → ఆరిఫిస్ పలక → రెండవ గాలి పెట్టె → వాక్యూమ్ మోటార్లు → బయటికి.

హెడ్ గుండా వచ్చిన గాలి అంతా, దాని తరువాత ఆరిఫిస్ పలక గుండా పోవలసిందే. పలకకు గల రంధ్రం కొలత మనకు తెలుసు. తెలిసిన రంధ్రంతో తెలియని పోర్టును పోల్చడమే ఫ్లో బెంచి చేసే పని. ఒక రకంగా ఇది త్రాసు. ఒక పళ్ళెంలో తూకపు రాయి, ఇంకొక పళ్ళెంలో సరుకు.

ఇందుకు రెండు మానోమీటర్లు కావాలి.
(అ) పరీక్షా మానోమీటర్: యు-ఆకారపు గొట్టం. దీని ఒక కొన మొదటి పెట్టెకు కలుస్తుంది. రెండవ కొన బయటి గాలికి తెరిచి ఉంటుంది. హెడ్‌కు ఇటూ అటూ ఉన్న పీడన భేదాన్ని చూపుతుంది.
(ఆ) ఆరిఫిస్ మానోమీటర్: దీని ఒక కొన మొదటి పెట్టెకు, రెండవ కొన రెండవ పెట్టెకు కలుస్తుంది. పలకకు ఇటూ అటూ ఉన్న పీడన భేదాన్ని చూపుతుంది.

హెడ్‌కూ పలకకూ ఒకే గాలి కాబట్టి, సమీకరణాలను భాగిస్తే సాంద్రత దాదాపుగా కొట్టివేయబడుతుంది:

హెడ్ ప్రభావక వైశాల్యం = పలక ప్రభావక వైశాల్యం × √(ఆరిఫిస్ రీడింగు ÷ పరీక్షా రీడింగు)

ఈ సమీకరణం ప్రాముఖ్యాన్ని గమనించండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక పరీక్ష, మధ్యాహ్నం ఎండలో ఇంకొకటి చేసినా ఫలితం పెద్దగా మారదు. లీటర్లలోనో, ఘనపుటడుగులలోనో చెప్పే అంకెను మాత్రం గాలి ఉష్ణోగ్రత, వాతావరణ పీడనం మారుస్తాయి. అందుకే ఫలితాన్ని ముందుగా ప్రభావక వైశాల్యంగా నమోదు చేసుకోవడం మంచి పద్ధతి.

9.3.1 గాలి ఎక్కడ కారితే నష్టం?

పై వరుసను మరొకసారి చూడండి. హెడ్‌కూ ఆరిఫిస్ పలకకూ మధ్య ఎక్కడైనా సందు ఉంటే, బయటి గాలి హెడ్ గుండా రాకుండానే పలక గుండా పోతుంది. అది హెడ్ ఖాతాలో పడుతుంది. కొలత తప్పుతుంది. అలాగే మొదటి పెట్టె, రెండవ పెట్టె మధ్య గోడలో సందు ఉంటే కొంత గాలి పలకను తప్పించుకుపోతుంది. అప్పుడు కొలత తగ్గుతుంది.

కానీ పలక దాటిన తరువాత, రెండవ పెట్టె బయటి గోడలోనో మోటారు గొట్టంలోనో గాలి కారితే కొలతకు ఏమీ కాదు. మోటారు శక్తి కొంత వృథా అవుతుంది, అంతే. ఈ కారణంగానే పీడనాన్ని సవరించే వాల్వ్‌ను రెండవ పెట్టెకు అమర్చుతాం. ఆ వాల్వ్ తెరిస్తే బయటి గాలి నేరుగా మోటార్లకు చేరి పరీక్షా పీడనం తగ్గుతుంది, మూస్తే పెరుగుతుంది. దీనిని మొదటి పెట్టెకు అమర్చితే బెంచి ఎంత బాగా కట్టినా పనికిరాదు.

9.4 కొలతల లెక్క

ఉదాహరణగా 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు గల 346 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ను తీసుకుందాం. చాలాకాలం తయారైన రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 ఇంజిన్ కొలతలు ఇవే. ఇన్‌టేక్ వాల్వ్ వ్యాసం 36 మి.మీ., గరిష్ఠ లిఫ్ట్ 9 మి.మీ. అనుకుందాం.

9.4.1 కావలసిన ప్రవాహం

వాల్వ్ లేచినప్పుడు దాని అంచు చుట్టూ ఏర్పడే సందు ఒక గుండ్రని తెరలా ఉంటుంది. దీనిని తెర వైశాల్యం అందాం.

తెర వైశాల్యం = 3.14 × వాల్వ్ వ్యాసం × లిఫ్ట్ = 3.14 × 36 × 9 = సుమారు 1018 చదరపు మి.మీ.

ఇది 36 మి.మీ. వృత్తం వైశాల్యానికి సమానం. లిఫ్ట్ వ్యాసంలో నాలుగో వంతు అయినప్పుడు ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. అంతకు మించి వాల్వ్‌ను లేపినా లాభం తగ్గుతూ పోతుంది. ఎందుకంటే అప్పటికి అడ్డంకి వాల్వ్ అంచు దగ్గర కాక పోర్టులో ఉంటుంది.

ఉత్సర్గ గుణకం 0.6, వేగం సెకనుకు 65 మీటర్లు తీసుకుంటే ప్రవాహం సెకనుకు సుమారు 40 లీటర్లు. బెంచి ఇంత గాలిని లాగగలగాలి.

9.4.2 మోటార్లు

హెడ్ దగ్గర 250 మి.మీ., పలక దగ్గర గరిష్ఠంగా 150 మి.మీ., గొట్టాలు వంపుల నష్టం కలుపుకుని మొత్తం 600 మి.మీ. నీటి మట్టం అనుకుందాం. ఇది సుమారు 5890 పాస్కల్‌లు. దీనిని సెకనుకు 0.04 ఘనపు మీటర్లతో గుణిస్తే గాలికి ఇవ్వవలసిన సామర్థ్యం 235 వాట్లు.

వాక్యూమ్ క్లీనర్ మోటారు మీద 1000 వాట్లు అని ఉంటుంది కదా, ఒకటి సరిపోదా అనిపించవచ్చు. ఇక్కడ జాగ్రత్త అవసరం. నోరు పూర్తిగా మూసినప్పుడు మోటారు గరిష్ఠ పీల్పు ఇస్తుంది. అప్పుడు ప్రవాహం సున్నా. నోరు పూర్తిగా తెరిచినప్పుడు గరిష్ఠ ప్రవాహం ఇస్తుంది. అప్పుడు పీల్పు దాదాపు సున్నా. పెట్టె మీద ముద్రించిన ఈ రెండు అంకెలూ ఒకేసారి దొరకవు. 40 లీటర్ల ప్రవాహం వద్ద ఒక మోటారు పీల్పు బాగా పడిపోతుంది. రెండు మోటార్లను పక్కపక్కన పెడితే ఒక్కొక్కటి 20 లీటర్లే లాగాలి కాబట్టి తగినంత పీల్పు మిగులుతుంది. కాబట్టి ఈ బెంచికి రెండు మోటార్లు పెడదాం.

9.4.3 ఆరిఫిస్ పలకలు

పలక వద్ద 150 మి.మీ. నీటి మట్టం అంటే సుమారు 1470 పాస్కల్‌లు. అక్కడి వేగం సెకనుకు 50.6 మీటర్లు. 40 లీటర్ల ప్రవాహానికి కావలసిన రంధ్రం వైశాల్యం 0.04 ÷ (0.61 × 50.6) = 0.0013 చదరపు మీటర్లు. వ్యాసం 40.6 మి.మీ. వస్తుంది. కొంచెం వెసులుబాటు కోసం 42 మి.మీ. తీసుకుందాం.

ఒక్క పలక చాలదు. ప్రవాహం పదో వంతుకు తగ్గితే రీడింగు నూరో వంతుకు తగ్గుతుంది. 150 మి.మీ. చూపవలసిన చోట 1.5 మి.మీ. మాత్రమే కనిపిస్తుంది. రీడింగు 100 మి.మీ. ఉన్నప్పుడు ఒక మిల్లీమీటరు పొరబడితే ప్రవాహంలో దోషం అర శాతం. అదే 10 మి.మీ. వద్ద 5 శాతం. కాబట్టి ఒకదానికంటే ఇంకొకటి సగం ప్రవాహం ఇచ్చేలా మూడు పలకలు చేసుకోవాలి.

150 మి.మీ. రీడింగు వద్ద:
• 42 మి.మీ. రంధ్రం: ప్రభావక వైశాల్యం 845 చ.మి.మీ.; ప్రవాహం సెకనుకు 42.8 లీటర్లు.
• 30 మి.మీ. రంధ్రం: ప్రభావక వైశాల్యం 431 చ.మి.మీ.; ప్రవాహం సెకనుకు 21.8 లీటర్లు.
• 21 మి.మీ. రంధ్రం: ప్రభావక వైశాల్యం 211 చ.మి.మీ.; ప్రవాహం సెకనుకు 10.7 లీటర్లు.

9.5 నిర్మాణం

9.5.1 గాలి పెట్టెలు

18 మి.మీ. ప్లైవుడ్‌తో లోపలి కొలత 400 మి.మీ. గల రెండు ఘనాకారపు పెట్టెలు సరిపోతాయి. ఇంత వెడల్పు పెట్టెలో 40 లీటర్ల గాలి సెకనుకు పావు మీటరు వేగంతో మాత్రమే కదులుతుంది. పీడనం కొలిచే చోట గాలి ఇలా దాదాపు నిశ్చలంగా ఉండాలి. పెట్టె ఇరుకైతే సిలిండర్ గొట్టం నుంచి వచ్చే ధార నేరుగా పలక మీద పడి రీడింగును చెడగొడుతుంది. అందుకే మొదటి పెట్టె మధ్యలో రంధ్రాల రేకు ఒకటి అడ్డంగా అమర్చడం మంచిది.

పెట్టె బలం మీద నిర్లక్ష్యం వద్దు. 600 మి.మీ. నీటి మట్టం చిన్న పీడనంలా అనిపిస్తుంది. కానీ 400 × 400 మి.మీ. పలక మీద అది సుమారు 940 న్యూటన్‌ల బలం, అంటే దాదాపు 96 కిలోల బరువు. పలుచని ప్లైవుడ్ లోపలికి వంగి, అతుకులు విడిపోతాయి. మూలలలో కర్ర పట్టీలు వేసి, జిగురుతో పాటు స్క్రూలు బిగించాలి. లోపలి అతుకులన్నింటికీ సిలికాన్ సీలెంట్ పట్టించి, చెక్కకు రెండు పూతలు వార్నిష్ వేయాలి. ప్లైవుడ్ అంచు గుండా కూడా గాలి చొరబడుతుందని మరువకండి.

9.5.2 ఆరిఫిస్ పలక

3 మి.మీ. అల్యూమినియం లేదా ఇత్తడి రేకును లేత్ మీద తిప్పి రంధ్రం చేయించాలి. గాలి వచ్చే వైపు అంచు వాడిగా, లంబకోణంలో ఉండాలి. గాలి పోయే వైపు అంచును 45 డిగ్రీల వాలుగా తీయాలి. వాడి అంచును ఎమెరీ కాగితంతో నున్నగా రుద్దకూడదు. కొద్దిగా గుండ్రమైనా గుణకం 0.61 కంటే పెరిగిపోతుంది. వ్యాసంలో ఒక శాతం తేడా వస్తే వైశాల్యంలో రెండు శాతం, రీడింగులో నాలుగు శాతం తేడా వస్తుంది. కాబట్టి డ్రిల్లుతో పొడిచి ఆకురాయితో సవరించిన రంధ్రం పనికిరాదు.

9.5.3 మానోమీటర్లు

పరీక్షా మానోమీటర్‌కు పారదర్శకమైన గొట్టాన్ని యు-ఆకారంలో వంచి, పక్కన మిల్లీమీటర్ల స్కేలు బిగిస్తే చాలు. ఆరిఫిస్ మానోమీటర్‌ను మాత్రం ఏటవాలుగా అమర్చాలి. ప్రతి 5 మి.మీ. పొడవుకు 1 మి.మీ. ఎత్తు పెరిగేలా, అంటే సుమారు 11.5 డిగ్రీల కోణంలో పెడితే 150 మి.మీ. ఎత్తు 750 మి.మీ. పొడవుగా సాగుతుంది, చదవడం సులభమవుతుంది. దీని రెండవ కొనకు వెడల్పు నోరు గల చిన్న నీటి పాత్ర పెడితే ఒక్క వైపు చదివితే సరిపోతుంది. నీటిలో రెండు చుక్కలు ఆహార రంగు కలిపితే మట్టం స్పష్టంగా కనిపిస్తుంది. పాదరసం వాడకండి, అది విషం. పైగా నీటికంటే 13.6 రెట్లు బరువైనది కాబట్టి ఇంత చిన్న పీడనాలను చూపదు.

పెట్టెకు పెట్టే పీడన రంధ్రాలు 2 నుంచి 3 మి.మీ. ఉండాలి. గాలి ధారకు దూరంగా, గోడతో సమంగా, లోపలి వైపు పిసురు లేకుండా ఉండాలి.

9.5.4 సిలిండర్ గొట్టం, వాల్వ్ తెరిచే స్క్రూ

హెడ్‌ను నేరుగా పెట్టె మీద పెట్టకూడదు. ఇంజిన్ బోరుకు సమానమైన 70 మి.మీ. లోపలి వ్యాసం, సుమారు 100 మి.మీ. పొడవు గల గొట్టం మీద పెట్టాలి. నిజమైన ఇంజిన్‌లో సిలిండర్ గోడ వాల్వ్‌కు దగ్గరగా ఉండి గాలిని ఒక పక్క అడ్డుకుంటుంది. గొట్టం లేకపోతే ఆ అడ్డు కొలతలోకి రాదు.

హెడ్ అసలు స్ప్రింగు గట్టిగా ఉంటుంది. దాని స్థానంలో మెత్తని స్ప్రింగు పెట్టి, పై నుంచి ఒక స్క్రూతో వాల్వ్‌ను నొక్కాలి. డయల్ గేజి సూదిని వాల్వ్ కాండం మీద ఆనిస్తే లిఫ్ట్ 0.01 మి.మీ. వరకు తెలుస్తుంది. గాలి లోనికి వచ్చే పోర్టు నోటి చుట్టూ మెత్తని క్లేతో గుండ్రని అంచు చేయాలి. వాడి అంచును అలాగే వదిలేస్తే గాలి అక్కడే సన్నబడి, పోర్టులో లేని లోపాన్ని పోర్టుకు అంటగడుతుంది.

9.6 బెంచిని సరిచూడటం

హెడ్ ఎక్కించే ముందు బెంచిని రెండు పరీక్షలకు గురిచేయాలి.

9.6.1 మూత పరీక్ష

సిలిండర్ గొట్టం నోటిని రబ్బరు ప్యాకింగుతో, చదునైన రేకుతో మూయండి. 21 మి.మీ. పలక పెట్టి, పరీక్షా పీడనం 250 మి.మీ.కు తెండి. ఆరిఫిస్ రీడింగు సున్నా రావాలి. 2 మి.మీ. వచ్చిందనుకుందాం. చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ దాని ప్రభావక వైశాల్యం 211 × √(2 ÷ 250) = సుమారు 19 చ.మి.మీ. వాల్వ్ పూర్తిగా తెరిచినప్పుడు హెడ్ ప్రభావక వైశాల్యం 529 అయితే ఈ దోషం మూడున్నర శాతం. 2 మి.మీ. లిఫ్ట్ వద్ద హెడ్ వైశాల్యం 145 అయితే అదే కారుడు 13 శాతం అవుతుంది. కారే గాలి వాల్వ్ లిఫ్ట్‌తో మారదు. కాబట్టి దాని దెబ్బ తక్కువ లిఫ్ట్ రీడింగుల మీదే పడుతుంది. సబ్బు నురుగు రాసి, లేదా అగరుబత్తి పొగ దగ్గరగా పట్టి సందు కనుక్కుని ఎం-సీల్ వంటి పదార్థంతో మూయాలి.

9.6.2 తెలిసిన రంధ్రంతో పరీక్ష

ఇప్పుడు 42 మి.మీ. పలక లోపల ఉంచి, 30 మి.మీ. పలకను హెడ్ స్థానంలో, వాడి అంచు పైకి ఉండేలా పెట్టండి. పరీక్షా పీడనం 250 మి.మీ. వద్ద ఆరిఫిస్ రీడింగు ఎంత రావాలి? రెండూ ఒకే రకం రంధ్రాలు కాబట్టి గుణకం కొట్టివేయబడుతుంది. వ్యాసాల నిష్పత్తి నాలుగో ఘాతం మాత్రమే మిగులుతుంది.

రీడింగు = 250 × (30 ÷ 42)⁴ = సుమారు 65 మి.మీ.

మొదటి పలక దాటిన గాలి కొంచెం పలచబడుతుంది కాబట్టి మరో ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఎక్కువ కనిపించవచ్చు. ఇంతకంటే పెద్ద తేడా వస్తే రంధ్రం కొలతలో గానీ, అంచులో గానీ, మధ్య గోడ అతుకులో గానీ లోపం ఉన్నట్లు. ఖరీదైన ప్రమాణ పరికరం ఏదీ లేకుండానే మీ బెంచి నిజం చెబుతోందో లేదో ఈ పరీక్ష తేలుస్తుంది. హెడ్ పరీక్షించే ప్రతి రోజూ ముందుగా ఈ రీడింగు తీసి పుస్తకంలో రాసుకోవాలి.

9.7 పరీక్షా విధానం, ఫలితాల విశ్లేషణ

సవరణ వాల్వ్‌ను పూర్తిగా తెరిచిన తరువాతనే మోటార్లు వేయాలి. మూసి ఉంచి వేస్తే మానోమీటర్ నీరు పెట్టెలోకి పీల్చుకుపోతుంది. తరువాత వాల్వ్ నెమ్మదిగా మూస్తూ పరీక్షా పీడనం 250 మి.మీ.కు తేవాలి. లిఫ్ట్ మార్చిన ప్రతిసారీ పీడనాన్ని మళ్ళీ 250కి సరిచేసి ఆరిఫిస్ రీడింగు చదవాలి. ఒక్కొక్క లిఫ్ట్‌ను కనీసం రెండుసార్లు, ఒకసారి పెంచుతూ, ఒకసారి తగ్గిస్తూ కొలవాలి. రెండు రీడింగుల మధ్య ఎంత తేడా వస్తుందో చూడండి. దానికంటే చిన్నదైన "మెరుగుదల"ను మెరుగుదలగా లెక్కించకూడదు.

అభ్యాసం కోసం మన ఉదాహరణ హెడ్‌కు ఈ క్రింది ఫలితాలు వచ్చాయనుకుందాం.

• లిఫ్ట్ 2 మి.మీ.: 21 పలక, రీడింగు 118, ప్రభావక వైశాల్యం 145, తెర వైశాల్యం 226, గుణకం 0.64.
• లిఫ్ట్ 4 మి.మీ.: 30 పలక, రీడింగు 109; ప్రభావక వైశాల్యం 285; తెర వైశాల్యం 452; గుణకం 0.63.
• లిఫ్ట్ 6 మి.మీ.: 42 పలక, రీడింగు 59; ప్రభావక వైశాల్యం 410; తెర వైశాల్యం 679; గుణకం 0.60.
• లిఫ్ట్ 8 మి.మీ.: 42 పలక, రీడింగు 87.5, ప్రభావక వైశాల్యం 500, తెర వైశాల్యం 905, గుణకం 0.55.
• లిఫ్ట్ 9 మి.మీ.: 42 పలక, రీడింగు 98, ప్రభావక వైశాల్యం 529, తెర వైశాల్యం 1018, గుణకం 0.52.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయి? 4 మి.మీ. వరకు గుణకం దాదాపు స్థిరంగా ఉంది. వాల్వ్ సీటు కోణాలు సరిగానే ఉన్నాయి. 6 మి.మీ. దాటాక గుణకం పడిపోతోంది. వాల్వ్ తెరుచుకుంటున్నా గాలి ఆ మేరకు పెరగడం లేదు. అంటే అడ్డంకి పోర్టులో ఉంది. ఇక్కడ పోర్టు వంపు మీద పనిచేయడం సమంజసం.

దీనికి భిన్నంగా తక్కువ లిఫ్ట్ వద్దే గుణకం తక్కువగా ఉంటే, పోర్టును ఎంత గ్రైండ్ చేసినా ప్రయోజనం ఉండదు. అప్పుడు చేయవలసింది సీటును సరైన కోణాలలో కట్ చేయించడం. అది చిన్న పని, చిన్న ఖర్చు. ఏ పని చేయాలో గ్రైండర్ పట్టుకోకముందే చెప్పడం ఫ్లో బెంచి వల్ల కలిగే అసలు ప్రయోజనం.

పోర్టు సవరించిన తరువాత 9 మి.మీ. వద్ద రీడింగు 110 వచ్చిందనుకుందాం. ప్రభావక వైశాల్యం 845 × √(110 ÷ 250) = 560 చ.మి.మీ. పెరుగుదల సుమారు 6 శాతం. లోహాన్ని కొద్దికొద్దిగా తీస్తూ, ప్రతిసారీ కొలుస్తూ, పెరుగుదల ఆగిన చోట పని ఆపాలి. మొదట క్లేతో పోర్టు ఆకారం మార్చి పరీక్షించడం ఇంకా మంచిది. క్లే తీసేయవచ్చు, లోహాన్ని తిరిగి పెట్టలేం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
సవరణ వాల్వ్‌ను మొదటి గాలి పెట్టెకు ఎందుకు అమర్చకూడదు?

9.8 పరిమితులు

ఫ్లో బెంచిలో గాలి నిలకడగా ప్రవహిస్తుంది. ఇంజిన్‌లో అలా కాదు. నిమిషానికి 5000 చుట్ల వద్ద మన 346 సీసీ ఇంజిన్ సగటున సెకనుకు సుమారు 14 లీటర్ల గాలి తీసుకుంటుంది. కానీ నాలుగు స్ట్రోకులలో పీల్చేది ఒక్క స్ట్రోకులోనే కాబట్టి ఆ వ్యవధిలో సగటు ప్రవాహం సెకనుకు 58 లీటర్ల దాకా ఉంటుంది. ఈ పీల్పు మొదలై ఆగుతూ పోర్టులో పీడన తరంగాలను పుట్టిస్తుంది. వాటిని బెంచి చూపలేదు.

పోర్టును బాగా పెద్దది చేస్తే బెంచి మీద అంకె పెరగవచ్చు. కానీ పెద్ద పోర్టులో గాలి వేగం తగ్గుతుంది. తక్కువ వేగంతో నడిచేటప్పుడు పెట్రోలు గాలిలో సరిగా కలవదు. ఇంజిన్ లాగడం తగ్గుతుంది. రేసు బండికి పనికివచ్చే పోర్టు, రోజూ ఊళ్ళో తిరిగే బండికి నష్టం చేయవచ్చు. కాబట్టి ప్రవాహం ఎంత పెరిగిందన్న ప్రశ్నతో పాటు ఎంత తక్కువ లోహం తీసి పెంచామన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఎగ్జాస్ట్ పోర్టులో గాలి సిలిండర్ నుంచి బయటికి పోతుంది. దానిని పరీక్షించాలంటే మోటార్లు గాలిని ఊదేలా మార్చాలి. అప్పుడు మోటారు వేడి గాలిలో కలుస్తుంది. పలక వద్ద, హెడ్ వద్ద ఉష్ణోగ్రతలు వేరైతే సాంద్రత కొట్టివేయబడదు. రెండు చోట్లా థర్మామీటర్లు పెట్టి సవరణ చేయాలి.

9.9 భద్రతా జాగ్రత్తలు

• వాక్యూమ్ మోటార్ల కార్బన్ బ్రష్‌ల వద్ద నిప్పురవ్వలు వస్తాయి. హెడ్‌ను పెట్రోలుతో కడిగి తడిగా ఉండగా బెంచి మీద పెడితే ఆవిరి నేరుగా మోటారులోకి పోయి మంట అంటుకోవచ్చు. హెడ్‌ను సబ్బు నీటితో కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే పరీక్షించాలి.
• గ్రైండ్ చేసిన లోహపు పొడి పోర్టులో మిగలకుండా తుడవాలి.
• మోటార్ల చప్పుడు ఎక్కువ; చెవులకు రక్షణ వాడాలి.
• విద్యుత్ కనెక్షన్‌కు ఎర్తింగు తప్పనిసరి. మానోమీటర్ నీరు స్విచ్ బోర్డుకు దూరంగా ఉండాలి.

9.10 సారాంశం

ఫ్లో బెంచి తెలియని పోర్టును తెలిసిన రంధ్రంతో పోల్చే పరికరం. ప్రవాహం పీడన భేదపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అందుకే పరీక్షా పీడనం చెప్పని అంకెకు విలువ లేదు, ఒకే పలకతో అన్ని లిఫ్ట్‌లనూ కొలవలేం. హెడ్‌కూ పలకకూ మధ్య గాలి కారితే కొలత చెడుతుంది. రెండవ పెట్టె బయటి గోడ నుంచి కారితే చెడదు. మూత పరీక్ష, తెలిసిన రంధ్రం పరీక్ష చేసిన చిన్న బెంచి, వాటిని చేయని పెద్ద బెంచి కంటే నమ్మదగినది. లిఫ్ట్‌తో పాటు గుణకం ఎలా మారుతోందో చూస్తే సీటు మీద పనిచేయాలో, పోర్టు మీద పనిచేయాలో తెలుస్తుంది. లోహం తీయడానికి ముందే ఈ నిర్ణయం జరగాలి.

9.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – సమాధానాలు

1. √(81 ÷ 64) = 1.125. ప్రవాహం 12.5 శాతం పెరిగింది.
2. మొదటి పెట్టెకు అమర్చితే ఆ వాల్వ్ గుండా వచ్చిన గాలి కూడా ఆరిఫిస్ పలక గుండా పోతుంది. హెడ్ పంపని గాలి హెడ్ పంపినట్లుగా నమోదవుతుంది.

9.12 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫ్లో బెంచి అమరికను పటం సహాయంతో వివరించండి. ఒక్కొక్క భాగం ఆ స్థానంలోనే ఎందుకు ఉండాలో తెలపండి.
2. 30 మి.మీ. వాల్వ్, 7.5 మి.మీ. లిఫ్ట్ గల హెడ్‌కు బెంచి రూపొందించండి. కావలసిన ప్రవాహం, మోటారు సామర్థ్యం, మూడు పలకల వ్యాసాలు లెక్కగట్టండి.

II. ఈ క్రింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉత్సర్గ గుణకం అంటే ఏమిటి? వాడి అంచు గుండ్రమైతే ఏం జరుగుతుంది?
2. బెంచిని తెలిసిన రంధ్రంతో సరిచూసేటప్పుడు గుణకం విలువ ఎందుకు అవసరం లేదు?
3. బెంచి మీద ఎక్కువ ప్రవాహం చూపిన హెడ్ రోడ్డు మీద మెరుగ్గా పనిచేయకపోవడానికి కారణాలు తెలపండి.